తంతిని పట్టియుంచే మర

1978లో గుడివాడ పట్టణంలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొమ్మిదేండ్ల బాలుడొకడు మాండొలిన్ చేతబట్టి తన తొలి కర్ణాటక సంగీత కచ్చేరీ చేసినాడు. ఆ బాలుడు 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. 2014లో, నలుబది అయిదవ ఏట, కన్నుమూసేనాటికి వాద్యం పేరే ఆయనకు ఇంటిపేరై నిలిచినది. ఆయన వాద్యాన్ని గురించి ముచ్చటించేవారు విద్యుత్తు వలన కలిగిన నాదపుష్టిని మెచ్చుకొంటారు, గమకాలను మెచ్చుకొంటారు. ఆ తంతులను బిగబట్టి నిలిపిన చిన్న మరల ఊసు మాత్రం ఎవ్వరూ ఎత్తరు. అవి చక్కగా పనిచేసినంతకాలం ఎత్తవలసిన అవసరమూ లేదు గదా!

మామూలు మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తంతులుంటవి. కనుక మరలూ ఎనిమిదే. జంట తంతులను ఒక్క తీరుగా లాగి గమకం పలికించడం కష్టసాధ్యం. శ్రీనివాస్ జంటలను విడిచి, ఒంటి తంతులు అయిదింటితో విద్యుత్ మాండొలిన్‌ను తన సంగీతానికి అనువుగా మలచుకొన్నారు. ఈ మార్పు వలన వాద్యం తలభాగంలో పని తగ్గినదని అనుకొనరాదు. గమకం కొరకు తంతిని ప్రక్కకు లాగి విడిచిన ప్రతిసారీ అది మునుపటి శ్రుతికే వచ్చి నిలవాలి. వెంట్రుకవాసి జారినా రాగం చెడుతుంది.

వీణ బిరడను ఎరిగినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కొయ్య బిరడ రంధ్రంలో రాపిడి మీదనే నిలుస్తుంది. వాన రోజులలో కొయ్య ఉబ్బి కదలనంటుంది, ఎండకాలంలో ముడుచుకొని జారుతుంది. అప్పుడు కాస్త సుద్దపొడి రాచి సర్దుకొంటారు. బిరడను ఒక చుట్టు త్రిప్పితే తంతి ఒక చుట్టు చుట్టుకొంటుంది. ఇంత మోటు కదలికతో సూక్ష్మశ్రుతి కుదరదు. అందుకే వీణకు ఆవలి కొసన లంగరుల ఏర్పాటు ఉన్నది.

గిటారు మర మార్గం వేరు. చేతితో త్రిప్పే పిడికి మరచుట్టు గల ఇనుప కడ్డీ ఉంటుంది. అది ఒక పళ్లచక్రాన్ని మెల్లగా త్రిప్పుతుంది. ఆ చక్రానికి బిగించిన స్తంభం మీద తంతి చుట్టుకొంటుంది. పిడి 14 చుట్లు తిరిగితే స్తంభం ఒక్క చుట్టు తిరిగే మరలున్నవి, 18 చుట్లకు ఒకటి తిరిగేవీ ఉన్నవి. స్తంభం మందం 6 మిల్లీమీటర్లనుకొందాం. దాని చుట్టుకొలత ఇంచుమించు 19 మిల్లీమీటర్లు. మొదటి రకంలో పిడిని ఒకసారి త్రిప్పితే తంతి సుమారు 1.35 మిల్లీమీటర్లు కదులుతుంది. రెండవ దానిలో ఒక మిల్లీమీటరుకు కొద్దిగా ఎక్కువ. తరగతి గదిలో నిష్పత్తుల పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం అరుదు. ఒక్కొక్క తంతి ఆరేడు కిలోల బలంతో లాగుతూ ఉన్నా, చక్రం ఆ కడ్డీని వెనుకకు త్రిప్పలేదు. ఆ మర గొప్పదనమంతా అక్కడనే ఉన్నది.

ప్రాచీనులకు బిరడ సైతం లేని కాలం ఒకటున్నది. అమరావతి శిల్పాలలో విల్లువలె వంగిన వీణలు కనబడుతవి. అట్టి వాద్యాలలో తంతిని దండానికి త్రాళ్లతో కట్టి, కట్టును జరిపి శ్రుతి చేసేవారు. ఘంటసాలను టాలెమీ తన భూగోళ గ్రంథంలో పేర్కొన్నాడు. ఈ తీరాన్నుండి ఓడలు తూర్పు సముద్రం దాటిన రోజులవి. ఆ విల్లు వీణకు వారసురాలిగా ఎన్నదగిన వాద్యం బర్మాలో నేటికీ సజీవంగా ఉన్నది. చిత్రమేమంటే, ఎర్రని నూలు త్రాళ్లతో శ్రుతి చేసిన ఆ వాద్యానికి కూడా ఇప్పుడు గిటారు మరలవంటివి అమర్చుతున్నారు!

ఇక మరలు మార్చవలసివచ్చినప్పటి మాట. దివిసీమలో, బందరులో ఉప్పుగాలి తగిలే ఇండ్లలో వెనుకభాగం తెరచియున్న మరలకు త్రుప్పు త్వరగా పడుతుంది. కొవ్వు నింపి మూతవేసిన మరలు ఇక్కడి గాలికి మేలు. అయితే మేలైనదని కొన్న మర ఇంటికి వచ్చిన తరువాత కొయ్యలో పట్టకపోవచ్చును. పాత తరహా మరలకు రంధ్రం దాదాపు 8.7 మిల్లీమీటర్లు, కొత్త మూతమరలకు సాధారణంగా 10. రంధ్రాన్ని పెద్దది చేయవచ్చును గాని, మరల చిన్నది చేయడం వడ్రంగికీ తలనొప్పే. కనుక కొలబద్ద ముందు, డబ్బు తరువాత. తలకు ఒక్క ప్రక్కనే ఆరు మరలుండే గిటారులున్నవి, ప్రక్కకు మూడు చొప్పున ఉండేవీ ఉన్నవి. ఎడమ మరను కుడికి పెట్టరాదు. వెనుక మేకుల రంధ్రాలు పాతవాటితో కలిస్తే కొయ్యకు కొత్త గాయం తప్పుతుంది. బరువును కూడా చూడవలెను. దిమ్మెలవంటి మరలు బిగిస్తే, భుజాన పట్టీతో వ్రేలాడే గిటారు తల నేలచూపులు చూస్తుంది. మాండొలిన్ మరలు తరచు ఒక్క రేకు మీద నాలుగేసి వస్తవి. అయిదు తంతుల వాద్యానికి విడివిడి మరలే దిక్కు.

ఇంతకూ నేరం మరదేనా? పెండ్లి పాటకచ్చేరీలలోనూ, చర్చి బృందాలలోనూ గిటారు వాయించే కుర్రవారు శ్రుతి జారగానే మరను తిట్టడం పరిపాటి. పెక్కుసార్లు దోషం మేరువులో ఉంటుంది. తంతి దూరే ఆ గాడి ఇరుకైతే, లాగినప్పుడు ఇవతలికి వచ్చిన తంతి విడిచినప్పుడు తిరిగి వెళ్లలేక అక్కడనే చిక్కుకొంటుంది. పిడి త్రిప్పుతున్నప్పుడు టిక్కుమని చప్పుడై శ్రుతి ఒక్క ఉదుటున ఎగిరితే అది మేరువు చేసే ఫిర్యాదు. గాడిలో పెన్సిలు సీసం కొద్దిగా రాస్తే పోయే జబ్బుకు ఆరు కొత్త మరలు కొనడం ఎందులకు? స్తంభం మీద తంతి వదులుగా, ఎగుడుదిగుడుగా చుట్టుకొన్నా ఇదే అవస్థ. రెండు మూడు చుట్లు, ఒకదాని క్రింద ఒకటి, బిగువుగా ఉంటే చాలు. పిడిని వ్రేళ్లతో అటునిటు ఆడించినప్పుడు స్తంభం కదలకుండా పిడి మాత్రం చాలా దూరం తిరిగితే, అప్పుడు పళ్లు అరిగినవని తేల్చుకోవచ్చును.

కొత్త మరకైనా కొద్దిపాటి వదులు తప్పదు. శ్రుతి ఎక్కువైతే దించి అక్కడనే ఆపరాదు. కావలసిన దానికంటె క్రిందికి దించి, మరల పైకి ఎక్కించి ఆపవలెను. అప్పుడు పళ్లు ఒకదానికొకటి ఒరసుకొని నిలుస్తవి. తీసివేసిన పాత మరలను మేకులతో సహా ఒక డబ్బాలో దాచియుంచడం మంచిది. ఒక్క పిడి విరిగిన నాడు దానికి జోడు బజారులో దొరకదు.