కోతుల కోసం కొన్న పిస్తోలు గురి నేర్పుతుందా?

నల్లగొండ: బత్తాయి తోటలో కోతుల బెడద తట్టుకోలేక ఒక రైతు ఎయిర్ పిస్తోలు కొన్నాడు. ఖరీదు ఐదు వేల రూపాయల లోపే. పేలిస్తే ఆ చప్పుడుకు కోతులు పారిపోతాయని ఆయన ఆశ. తీరా పేల్చి చూస్తే అది 'టప్పు'మన్నదే గాని ఒక్క కోతీ చెట్టు దిగలేదు. పిస్తోలు అటకెక్కింది.

దాన్ని కిందికి దించింది ఆయన కూతురు. ఇంటర్మీడియట్ చదువుతున్న ఆ అమ్మాయి 2024 పారిస్ ఒలింపిక్సులో మను భాకర్ ఎయిర్ పిస్తోలుతో రెండు కాంస్య పతకాలు గెలవడం సెల్‌ఫోనులో చూసింది. కొట్టంలో ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు అట్ట నిలబెట్టి, పది మీటర్లు కొలుచుకుని సాధన మొదలుపెట్టింది. మూడు నెలలు గడిచినా గుండ్లు ఒకచోట పడలేదు. "నా చేతిలోనే గురి లేదు" అని అమ్మాయి దిగులు పడింది. "ఇగ సాలు బిడ్డా, సదువుకో" అని తండ్రి అన్నాడు. మానేసే ముందు ఒక్కసారి తెలిసినవారికి చూపిద్దామని చివరకు ఇద్దరూ హైదరాబాదు శివార్లలోని ఒక షూటింగ్ రేంజికి బయలుదేరారు. ఈ విలేకరి కూడా వారి వెంట వెళ్ళాడు.

లైసెన్సు సంగతి

ముందుగా చాలామందికి ఉండే అనుమానం. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉండే ఎయిర్ గన్నులకు లైసెన్సు అక్కరలేదు. అంతమాత్రాన అది ఆట వస్తువు కాదు. దగ్గరనుంచి తగిలితే కన్ను పోతుంది. పిట్టలను కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమవుతుంది. మన ఊళ్ళలో ఎయిర్ గన్ను అనగానే పావురాలు, కొంగలు గుర్తుకు వచ్చే అలవాటు ఇకనైనా పోవాలి.

నీళ్ళ సీసాతో పరీక్ష

రేంజిలోని కోచ్ పిస్తోలును అందుకుని ముందుగా గొట్టం విరిచి, లోపల గుండు లేదని చూసుకున్నారు. ఇది స్ప్రింగు పిస్తోలు. ప్రతిసారీ గొట్టాన్ని కిందికి వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే ముషలం ముందుకు దూకి గాలిని నొక్కుతుంది. ఆ గాలే గుండును తోస్తుంది.

తరువాత ఆయన చేసిన పని చూడముచ్చటగా ఉంది. పిస్తోలులో గుండు పెట్టి, గొట్టాన్ని గుండ్లు ఆపే పెట్టె వైపు ఉంచి, ట్రిగ్గరుకు లీటరు నీళ్ళ సీసా తాడుతో వేలాడదీశారు. ట్రిగ్గర్ కదలలేదు. రెండు లీటర్ల సీసా తగిలించాకే పేలింది. రేంజివారి పోటీ పిస్తోలుకు అర లీటరు సీసా కాస్త నిండుగా ఉంటే చాలింది. పోటీ నిబంధనల ప్రకారం ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గరాదు. "రెండు కిలోల బరువు ఒక్క వేలితో లాగుతూ చెయ్యి కదలకుండా ఉంచమంటే ఎవరివల్ల అవుతుంది?" అని కోచ్ అడిగారు.

ఆ పైన ఇసుక సంచీ మీద ఆనించి తానే ఐదు గుండ్లు కాల్చారు. అవి అరచేయంత మేర చెదిరాయి. వెనుక సైటు మర సడలి ఉందని అప్పుడు బయటపడింది. మర బిగించి మళ్ళీ కాలిస్తే ఐదూ నాలుగు సెంటీమీటర్ల లోపు పడ్డాయి. అదే దూరం నుంచి పోటీ పిస్తోలు కొట్టిన ఐదు గుండ్లు కలిసి ఒకటే చిరుగు అయ్యాయి.

ఈ తేడా ఎంత పెద్దదో లక్ష్యం చూస్తే తెలుస్తుంది. పది మార్కుల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. తొమ్మిది మార్కుల వలయం ఇంచుమించు పది రూపాయల బిళ్ళంత. ఆనించి కాల్చినా బిళ్ళను దాటిపోయే పిస్తోలుతో గుండీని కొట్టమని ఆ అమ్మాయి మూడు నెలలు తనను తాను తిట్టుకుంది!

తప్పు ఎవరిది?

స్ప్రింగు పిస్తోలుకు మరో చిక్కు ఉంది. గుండు గొట్టం దాటకముందే లోపలి ముషలం ముందుకు కొట్టుకోవడంవల్ల పిస్తోలు చేతిలో అదురుతుంది. ప్రతిసారీ ఒకే తీరుగా పట్టుకోకపోతే గుండు దారి మారుతుంది. పోటీ పిస్తోళ్ళలో గాలిని ముందే సిలిండరులో నింపుతారు గనుక ఈ అదురు దాదాపు ఉండదు. పోటీలో 75 నిమిషాల్లో 60 గుండ్లు ఒంటి చేత్తో కాల్చాలి. అరవైసార్లు స్ప్రింగు వంచిన చెయ్యి వణకక మానదు.

అమ్మాయి తన పిస్తోలుతో పది గుండ్లు కాల్చింది. నూటికి 48 వచ్చాయి. రేంజి పిస్తోలు చేతికిచ్చి, ముందు సైటు మీదే చూపు నిలపమని, ట్రిగ్గర్ గుంజకుండా మెల్లగా నొక్కమని కోచ్ చెప్పారు. ఈసారి 79. తండ్రి ఆ అట్టను తిప్పి తిప్పి చూశాడు. "అయితే తప్పు పిల్లది కాదన్నమాట" అన్నాడు.

"కొంత పిల్లది, కొంత పిస్తోలుది. ఏది ఎవరిదో ఈ పిస్తోలు చెప్పదు, అదే దీనితో వచ్చిన చిక్కు" అని కోచ్ వివరించారు. జాగ్రత్తలు నేర్చుకోవడానికి, సైటు కుదుర్చుకోవడానికి చౌక పిస్తోలు పనికివస్తుందని, మార్కులు చూసుకుని గురి ఉందో లేదో తేల్చుకోవడానికి మాత్రం పనికిరాదని ఆయన అన్నారు. కొనేముందు రేంజిలో పదిసార్లు కాల్చి చూడాలని, స్ప్రింగు పిస్తోలును గుండు లేకుండా పేల్చరాదని, ఎక్కుపెట్టేదాకా వేలు ట్రిగ్గరుకు బయటే ఉంచాలని, గుండ్లు సీసంతో చేసినవి కనుక ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలని ఆయన సలహా.

జిల్లాకు ఒక్కటైనా

పోటీ పిస్తోలు ఖరీదు లక్ష పైమాటే. తోట మీద బతికే రైతుకు అది అందే ధర కాదు. మన రాష్ట్రంలో ప్రతిభకు కొదవ లేదు. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో ఎయిర్ రైఫిల్‌తో కాంస్యం తెచ్చారు. ఈషా సింగ్ 13 ఏళ్ళకే 2018లో ఎయిర్ పిస్తోలులో జాతీయ ఛాంపియన్ అయి, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచారు. వారికి రేంజి ఊళ్ళోనే ఉంది. పల్లె పిల్లలకు అది దూరాభారం.

ఎయిర్ పిస్తోలుకు మైదానం అక్కరలేదు. పది మీటర్లకు మించిన గది, గుండ్లు ఆపే గోడ, శిక్షకుడు ఉంటే చాలు. ఒక జూనియర్ కళాశాలలో మంచి పిస్తోళ్ళు రెండు ఉంచితే పిల్లలు వంతులవారీగా నేర్చుకుంటారు. అధికారులు, దాతలు ఈ విషయం ఆలోచించాలని తల్లిదండ్రుల కోరిక.

ప్రస్తుతానికి నెలకు రెండు ఆదివారాలు కూతురిని రేంజికి తీసుకువెళ్ళడానికి రైతు ఒప్పుకున్నాడు. ఇంటి దగ్గర స్ప్రింగు ఎక్కించకుండా, గోడవైపు పిస్తోలు పట్టి రోజూ పావుగంట నిలబడమని కోచ్ అమ్మాయికి పని అప్పగించారు. తోటలో కోతుల సంగతి మాత్రం ఇంకా తేలలేదు.