చినుకు పడితే.. అంబాసిడర్‌లో చెరువే!
పాత కారులోకి నీళ్లు.. దారి కనిపెడితే సగం పని అయినట్టే

కెలవరపల్లి (హోసూరు):
బయట వాన ఆగి గంటైంది. కారులో మాత్రం ఇంకా చుక్కలు రాలుతున్నాయి. కెలవరపల్లి డ్యాం దగ్గర మా ఇంటి ముందు నిలిపిన నాయన అంబాసిడర్ కథ ఇది. తలుపు తీస్తే బూజు వాసన. మ్యాటు ఎత్తితే కింది ఫెల్టు నీళ్లు పీల్చి బరువెక్కి ఉంది. దాన్ని పక్కకు లాగి రేకును నొక్కితే వేలు కిందికి దిగింది!

అంతకుముందు నేనేమీ చేయలేదని కాదు. ముందు అద్దం చుట్టూ సీలెంట్ ట్యూబు మొత్తం పూసేశా. తర్వాతి వానకు మళ్లీ అదే తడి. చివరికి హోసూరులో ఓ టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే ఒకటే మాటన్నాడు. ''నీళ్లు కనపడిన చోట కాదన్నా, వచ్చిన చోట పట్టుకోవాల''.

ఎందుకింత పట్టింపు?
మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 ఆధారంగా 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఈ బండికి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు. బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి నేల రేకు, తలుపుల కింది పెట్టె భాగం తుప్పు తింటే పోయేది అందం కాదు, బలం. పైగా సొంత కార్లకు 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళితే బండిని పరీక్షిస్తారు. తుప్పు పట్టిన నేలతో వెళ్తే ఏం చెబుతాం?

ముందు.. అది ఏ నీళ్లు?
తడి వాన వల్లే అని తేల్చుకోవాలి. ఎండ రోజున ఏసీ వేసినప్పుడే తడిస్తే ఏసీ నీరు బయటకుపోయే గొట్టం మూసుకుపోయినట్టు. జిగటగా, తియ్యటి వాసన వస్తే హీటరు నుంచి కూలెంట్ కారుతున్నట్టు. వాన పడితేనే తడిస్తే బాడీలో దారి ఉన్నట్టు. వాగు దాటాకే తడిస్తే నేలలోని రబ్బరు మూతలు ఊడిపోయి ఉంటాయి.

పట్టుకునేది ఇలా..
మేస్త్రీ చేసిన పని చూస్తే ఇంట్లోనూ చేసుకోవచ్చనిపించింది. ముందు బ్యాటరీ ఎర్త్ తీగ విప్పాడు. సీట్లు, మ్యాట్లు తీసి లోపలంతా ఆరబెట్టాడు. నేల మీద పాత పేపర్లు పరిచాడు. టార్చిలైటుతో నన్ను లోపల కూర్చోమని, తాను బయటి నుంచి పైపుతో సన్నగా నీళ్లు వదిలాడు. జోరుగా కొట్టకూడదు, వాన మాదిరి పారాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగాలి. పై నుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏది కారుతోందో తెలియదు.

తలుపు పరీక్ష ఇంకా తేలిక. బీడింగ్ మీద కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగాలి. గట్టిగా పట్టుకుంటే సరే. జారి వచ్చేస్తే అక్కడ బీడింగ్ చచ్చిందని లెక్క.

మా బండిలో దొంగలు ఇద్దరు
అద్దం దగ్గర పైపు పెట్టినా చుక్క రాలేదు. వైపర్ కడ్డీ దగ్గర పెట్టగానే డాష్‌బోర్డు వెనక నుంచి సన్నటి ధార! అక్కడి రబ్బరు బుష్ ఎండి పగిలిపోయింది. నీళ్లు తీగల వెంబడి జారి పాదాల దగ్గర తేలుతున్నాయి. నేను పూసిన సీలెంట్ అంతా వృథా.

రెండోది ముందు తలుపు. కిటికీ అద్దం పక్క నుంచి తలుపులోకి కొంత నీరు దిగడం మామూలే. అది అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటకు పోవాలి. మా తలుపులో అవి మట్టితో మూసుకుపోయాయి. ఎప్పుడో స్పీకర్లు బిగించినప్పుడు లోపలి ప్లాస్టిక్ షీటు చింపేశారు. దాంతో నీళ్లు నేరుగా కారులోకే. ''ఆ రంధ్రాలను మాత్రం ఎప్పుడూ మూయొద్దన్నా'' అని మేస్త్రీ మరీమరీ చెప్పాడు.

డిక్కీ తడిస్తే మూత బీడింగ్, వెనక లైట్ల కింది రబ్బరు చూడాలి.

బాగుచేత
బుష్, బీడింగ్ కొత్తవి వేయాలి. హోసూరులో దొరకకపోతే బెంగళూరు జేసీ రోడ్డులో వెతకొచ్చు. తలుపులో కొత్త ప్లాస్టిక్ షీటు అతికించి, రంధ్రాలను తీగతో శుభ్రం చేశారు. పుచ్చిన రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేసి, ప్రైమర్, ఆపై పెయింటు వేశారు. తుప్పు మీద లప్పం పెట్టి పెయింటు కొట్టేస్తే లోపల అది తింటూనే ఉంటుంది. వెల్డింగ్‌కు ముందు దగ్గర్లోని పెట్రోలు గొట్టం, ఫెల్టు తీయించడం మరవొద్దు. నిప్పుతో ఆటలాడకూడదు. తడిసిన ఫెల్టును ఎండబెట్టి మళ్లీ వేయబోతే మేస్త్రీ ఒప్పుకోలేదు. పారేయించాడు.

మరో మాట. డ్యాం గేట్లు ఎత్తినప్పుడు దక్షిణ పినాకినిలో తెల్లటి నురగ పొంగడం మన ప్రాంతం వారికి కొత్త కాదు. ఆ నురగ కింద రోడ్డు మీద నీళ్లెంత లోతున్నాయో కనబడదు. పాత బండైనా, కొత్త బండైనా అందులోకి దించొద్దు.

పని అయ్యాక వచ్చిన మొదటి వానకు రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారగానే టార్చి పట్టుకుని పోయా. నేల మీద పరిచిన పేపరు పొడిగా ఉంది. నాయన వచ్చి వంగి, దాన్ని చేత్తో తడిమి చూశాడు. ఏమీ అనలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.