రోగి పక్కనే ఉంటారు... ఏం చేయాలో తెలుసా?

హిందూపురం జిల్లా ఆసుపత్రికి గానీ, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ ఆసుపత్రులకు గానీ ఏ సాయంత్రమైనా వెళ్లి చూడండి. మంచం మీద ఒకరుంటే చుట్టూ ముగ్గురుంటారు. ఇంటి నుంచి క్యారియర్‌ తెచ్చినవారు ఒకరు, రాత్రికి తోడు పడుకోవడానికి వచ్చినవారు ఒకరు, పలకరించి పోదామని బత్తాయిలు పట్టుకొచ్చినవారు ఇంకొకరు. ఇంతమంది ఉన్నా ‘ఈ రోగికి ఇప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు?’ అని అడిగితే చెప్పగలిగేవారు అరుదు. చీటీ పట్టుకుని మందుల షాపుకు పరిగెత్తడం, బిల్లు కట్టడం, సెలైన్‌ అయిపోతే నర్సును కేకేయడం... ఇవే మన పనులు అనుకుంటాం.

అసలు పని డిశ్చార్జి అయిన రోజు మొదలవుతుంది. ఆ రోజు నుంచి కట్టు చూసేదీ, మందులు లెక్కపెట్టి ఇచ్చేదీ, ఒంట్లో తేడాను ముందుగా కనిపెట్టాల్సిందీ మీరే. ఆ పనిని ఇంటికెళ్లాక తడుముకుంటూ కాకుండా, అడిగితే చెప్పే నర్సు పక్కనే ఉండగా నేర్చుకోవాలి.

ఒక నర్సు... ఎంతమందికి?

సాధారణ ఆసుపత్రి వార్డులో ప్రతి ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్‌ కౌన్సిల్‌ ప్రమాణాలు చెబుతున్నాయి. చాలాచోట్ల ఒక్కో నర్సు అంతకంటే ఎక్కువమందిని చూసుకోవాల్సి వస్తుంది. ఇంజెక్షన్లు, రక్త నమూనాలు, రిజిస్టర్లు అయ్యేసరికి డ్యూటీ గడిచిపోతుంది. ‘ఇంటికెళ్లాక ఎలా చూసుకోవాలి’ అని మీకు తీరిగ్గా చెప్పే సమయం వారికి చిక్కదు. అలాగని ఆ నాలుగు మాటలు మీకు అందకపోతే నష్టపోయేది రోగే.

నష్టం ఆరోగ్యంతో ఆగదు. ధర్మవరంలో చాలా ఇళ్లలో మగ్గం పని ఒక్కరితో సాగదు. ఒకరు నేస్తే, ఇంకొకరు కండెలు చుట్టి అందించాలి. ఒకరు మంచాన పడి, మరొకరు ఆసుపత్రిలో తోడుంటే మగ్గం ఆగినట్టే. పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లేవారికీ, హిందూపురంలో చిన్న దుకాణం నడిపేవారికీ ఇదే లెక్క. కుట్లు చీము పట్టి మళ్లీ చేరాల్సి వస్తే, ఆ ఇల్లు రెండోసారి కుదేలవుతుంది.

బెంగళూరు వరండాల్లో మొదలైంది

మన ప్రాంతం నుంచి గుండె ఆపరేషన్‌ కోసం బెంగళూరు వెళ్లేవారు చాలామంది. అక్కడి నారాయణ హృదయాలయలో రోగుల బంధువులు వరండాల్లో రోజుల తరబడి ఎదురుచూడటాన్ని అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌ విశ్వవిద్యాలయ విద్యార్థులు కొందరు గమనించారు. ఖాళీగా గడిచిపోతున్న ఆ సమయంలోనే వారికి రోగిని చూసుకోవడం నేర్పితే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి ‘నూరా హెల్త్‌’ అనే సంస్థ పుట్టింది. ఇందులో ఆసుపత్రి నర్సులే బంధువులను ఒకచోట కూర్చోబెట్టి, బొమ్మలు, వీడియోలు చూపిస్తూ, చేతులతో చేయించి నేర్పుతారు. ఈ తరహా శిక్షణ తర్వాత ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రులకు విస్తరించింది.

మీరు చేరిన ఆసుపత్రిలో ఇలాంటి తరగతి జరుగుతోందా అని వార్డు నర్సును అడగండి. లేకపోతే ‘అమ్మా, ఇంటి దగ్గర మేం చేయాల్సింది ఒకసారి చూపించండి’ అనండి. చూపించాక మీరూ ఒకసారి ఆవిడ ఎదుటే చేయండి. ‘అర్థమైంది’ అని తలూపడం కంటే చేసి చూపించడం మేలు. తప్పుంటే అక్కడే దిద్దుతారు.

తల్లి గుండెల మీద బిడ్డ

ఇంటివాళ్లను చికిత్సలో కలుపుకుంటే ప్రాణాలే నిలుస్తాయని గట్టిగా రుజువైంది నెలలు నిండని పిల్లల విషయంలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఐదు దేశాల్లోని ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌ ఆసుపత్రి అందులో ఉంది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది శిశువులను గమనించారు. పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి ఉంచే ‘కంగారూ సంరక్షణ’ మొదలుపెట్టిన బిడ్డల్లో 28 రోజుల్లోపు మరణాలు 12 శాతం. కుదుటపడ్డాకే మొదలుపెట్టినవారిలో 15.7 శాతం. తల్లి కోలుకోని గంటల్లో ఆమె కుటుంబంలోని మరొకరు బిడ్డను ఎదకు హత్తుకున్నారు. తండ్రి కూడా ఈ పని చేయొచ్చు. కాబట్టి మీ ఇంట్లో బిడ్డ తక్కువ బరువుతో పుడితే ‘మమ్మల్ని ఎప్పుడు లోపలికి రానిస్తారు, కంగారూ సంరక్షణ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు’ అని డాక్టరును అడగడం మరవొద్దు.

తోడు మాత్రమే... బదులు కాదు

అన్నిటికీ ఇంత మంచి ఫలితం రాలేదు. పక్షవాతం వచ్చినవారికి ఇంటివాళ్లే వ్యాయామాలు చేయించేలా శిక్షణ ఇచ్చి, మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందిని పరిశీలించారు. 2017లో లాన్సెట్‌ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, ఆరు నెలల తర్వాత చూస్తే మరణాల్లో గానీ, ఇతరుల మీద ఆధారపడటంలో గానీ తేడా కనిపించలేదు. దీన్నిబట్టి గ్రహించాల్సింది ఒకటుంది. మీరు నేర్చుకున్నది నిపుణుల వైద్యానికి తోడు, బదులు కాదు. ఫిజియోథెరపిస్టు రమ్మన్న రోజు మానేసి ‘ఇంట్లో మేం చేయిస్తున్నాంలే’ అనుకోవద్దు.

మంచం దగ్గర ఇవి చేయండి

• రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు చేతులు కడుక్కోండి. పలకరింపునకు వచ్చినవారితోనూ కడిగించండి. జలుబు, దగ్గు ఉన్నవారిని ఫోన్లోనే పలకరించమనండి.
• కదలలేనివారిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే నర్సుకు చూపించండి. పుండు అలాగే మొదలవుతుంది.
• ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ మందు ఎప్పుడిచ్చారు, ఎంత తిన్నారు, మూత్రం ఎంత వచ్చింది, జ్వరం ఎంత... రాయండి. రాత్రి తోడున్నవారు పొద్దున వచ్చినవారికి ఆ పుస్తకం అప్పగించాలి.
• షుగర్‌, బీపీ, రక్తం పల్చబడే మందులు ముందు నుంచీ వాడుతుంటే, మందు పడని గుణం ఉంటే చేరిన రోజే చెప్పండి.
• ఆయాసం పెరిగినా, మాట తడబడినా, మగత కమ్మినా, మూత్రం తగ్గినా, సూది గుచ్చిన చోట వాచినా వెంటనే నర్సును పిలవండి. ‘రౌండ్స్‌కు డాక్టరు వచ్చాక చెబుదాం’ అని ఆగొద్దు.

ఇవి మాత్రం వద్దు

• సెలైన్‌ వేగం, ఆక్సిజన్‌ మీటరు మీ చేత్తో తిప్పొద్దు.
• ఆపరేషన్‌ ముందు ‘పాపం, గుక్కెడు కాఫీ’ అని ఇవ్వొద్దు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.
• పక్షవాతం వచ్చినవారికి మింగడం సరిగా ఉందని డాక్టరు చెప్పేదాకా నోటితో నీళ్లు కూడా పట్టొద్దు.
• ఒక కాలు వాచి నొప్పిగా ఉంటే నూనె పెట్టి మర్దన చేయొద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు.
• పక్క మంచం రోగి మందులు, ఊళ్లోవాళ్లు చెప్పిన పసర్లు డాక్టరుకు తెలియకుండా ఇవ్వొద్దు.

డిశ్చార్జికి ముందు

ఆసుపత్రిలో పెద్దకొడుకు ఉంటాడు, ఇంటికెళ్లాక చూసుకునేది కోడలు. జాగ్రత్తలన్నీ కొడుకు వింటాడు, ఆమెకు చేరేసరికి సగం మిగులుతాయి. అందుకే ఇంట్లో ఎవరు చూసుకోబోతున్నారో వారినే డిశ్చార్జికి ముందు ఒక రోజైనా ఆసుపత్రిలో ఉంచండి. మొత్తం భారం ఒక్కరి నెత్తిన పెట్టకుండా, మరొకరికీ నేర్పించండి.

ఈ ఐదు ప్రశ్నలకు జవాబు రాసుకోకుండా గేటు దాటొద్దు. ఏ మందు ఎన్ని రోజులు? పాత మందుల్లో ఏవి ఆపాలి? ఏం తినాలి, ఎంత నడవాలి? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? మళ్లీ చూపించుకునేది ఎప్పుడు, ఏ డాక్టరుకు? కేసు షీటు, పరీక్షల రిపోర్టుల నకళ్లు అడిగి తీసుకోండి. వాటిని పొందడం మీ హక్కు. రేపు అనంతపురమో, బెంగళూరో వెళ్లాల్సి వచ్చినా అవే దారి చూపుతాయి.

చివరగా ఒక మాట. తోడున్నవారూ మనుషులే. వేళకు తిని, వంతులవారీగా నిద్రపోండి. మీ సొంత బీపీ మాత్ర మరవొద్దు. బంధువులు పలకరింపునకు వస్తామంటే పండ్లు వద్దనండి. రెండు గంటలు మంచం పక్కన కూర్చుంటే చాలని చెప్పండి. ఆ రెండు గంటలు మీరు ఇంటికెళ్లి కునుకు తీయొచ్చు.