కత్తెరకు ముందు సుద్దగీత

తెనాలిలో పంతొమ్మిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. డిసెంబరు వచ్చిందంటే మా కొట్లో కాలు పెట్టే సందుండదు. క్రిస్మస్ బట్టలు తెమలకముందే సంక్రాంతివి వచ్చిపడతాయి. నాకు మొదటినుంచీ కోపం ముక్కుమీదే ఉంటుంది. ఒక డిసెంబరులో, పని నేర్చుకుంటున్న అమ్మాయి ఇస్త్రీపెట్టెను పట్టు జాకెట్టు మీద పెట్టి మరిచిపోయింది. వీపు మీద అరచేతంత మేర కాలింది. "నీకు పని నేర్పడం నాదే బుద్ధితక్కువ" అని పదిమందిలో కేకలేశాను.

నాలుగు రోజులు ఆ పిల్ల రాలేదు. ఐదోరోజు వాళ్లమ్మ వచ్చి, "తప్పు చేసింది, కాదననమ్మా. కానీ ఇక సూది పట్టుకోనంటోంది" అంది. జాకెట్టు ఖరీదు అప్పటికే కట్టేశాను. ఆ మాటకు ఏం కట్టాలో నాకు తోచలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి దగ్గర చెప్పుకుని ఏడ్చాను. హెబ్రీ భాషలో ముక్కుకూ కోపానికీ ఒకే మాట ఉందని, అది 'ఆఫ్' అని ఆయన చెప్పారు. కోపమొస్తే ముక్కుపుటాలు అదిరి ఊపిరి వేడెక్కుతుంది కదా. మన బైబిల్లో దేవుడు 'దీర్ఘశాంతుడు' అని చదువుకునేచోట, హెబ్రీలో ఉన్న మాటకు అక్షరాలా అర్థం 'పొడవైన ముక్కు గలవాడు' అనేనట. "ముక్కుమీద కోపం అనే మనకు ఇది విడమర్చి చెప్పాలా అమ్మా?" అన్నారు.

ఇంటికొచ్చి నిర్గమకాండం 34వ అధ్యాయం తీశాను. ఇశ్రాయేలీయులు బంగారు దూడకు మొక్కారు. దేవుడికి కోపం రాకపోలేదు, వచ్చింది. అయినా మోషే రెండోసారి రాతిపలకలు పట్టుకుని సీనాయి కొండెక్కినప్పుడు, దేవుడు తన గురించి చెప్పుకున్న మాటల్లో ఈ దీర్ఘశాంతం ఉంది. అంత ద్రోహం జరిగాక అన్న మాట అది. నన్ను కూడా ఆయన ఇన్నేళ్లూ అలాగే ఓర్చుకున్నాడని అప్పుడు తట్టింది. మర్నాడే ఆ పిల్ల ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. వచ్చింది.

కోపం రావడమే పాపమని చాలామంది అనుకుంటారు. విశ్రాంతి దినాన చెయ్యి ఊచపోయినవాణ్ణి బాగుచేయబోతే తప్పుపట్టాలని చూసినవాళ్ల మీద యేసుకూ కోపం వచ్చిందని మార్కు 3వ అధ్యాయంలో ఉంది. వాళ్ల హృదయాలు మొద్దుబారినందుకు ఆయన దుఃఖపడ్డాడు కూడా. దెబ్బలు తింటూ నోరుమూసుకుని ఉండడాన్ని దీర్ఘశాంతం అనకూడదు. అన్యాయం కళ్లముందు జరుగుతుంటే మాట్లాడి తీరాలి. మాట్లాడేముందు కాస్త ఆగమనే యాకోబు పత్రిక చెబుతుంది. మొదటి అధ్యాయంలో వరస చూడండి: ముందు వినడం, తర్వాత మాట్లాడడం, చివర కోపం. వినడానికి మాత్రమే తొందరపడమన్నాడు.

మరో సంగతి గమనించాను. కోపంతో ముఖం చిన్నబుచ్చుకున్న కయీనును దేవుడు ముందు అడిగింది ఒక ప్రశ్న. నీనెవె నాశనం కాలేదని అలిగిన యోనానూ ఆయన ఒక ప్రశ్నే అడిగాడు, నీ కోపం న్యాయమేనా అని.

మా పనిలోనూ ఇలా ముందు ఆగి చూసుకునే పద్ధతి ఉంది. గుడ్డ మీద సుద్దతో గీసి, టేపు పెట్టి మళ్లీ చూసుకున్నాకే కత్తెర పెడతాం. సుద్దగీత దులిపితే పోతుంది, కత్తెర పడిన గుడ్డ అతకదు. ఇప్పుడు కోపం ముక్కు దాకా రాగానే చేతిలోకి సుద్దముక్క తీసుకుంటాను. "ప్రభువా" అని ఒక్కమాట అనుకుంటాను. ఆ తర్వాత ఎదుటివాళ్లని ఒక ప్రశ్న అడుగుతాను.

మొన్న క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు ఆ అమ్మాయే ఒక జాకెట్టు చేతులు రెండంగుళాలు పొట్టిగా కత్తిరించింది. ఊపిరి వేడెక్కింది. సుద్దముక్క పట్టుకుని, "ఏ కొలత చూసి కత్తిరించావమ్మా?" అనడిగాను. తను మాట్లాడకుండా కొలతల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. చేతి పొడవు పదకొండు ఉండాల్సినచోట తొమ్మిది అని ఉంది. రాత నాది.

"తప్పు నాదే తల్లీ" అన్నాను. ఇద్దరం కూర్చుని, మిగిలిన అంచుముక్కతో ఆ రాత్రే చేతులకు బోర్డరు వేశాం.