స్పీకరు పెట్టె పలుకరాదు

వార్తలు వినుచున్న పెద్దవారు “గొంతు వినబడుచున్నది గాని మాట తెలియుట లేదు” అనుట అనేక గృహములలో ఉన్నదే. వెంటనే మనము స్పీకరు చెడిపోయినదని నిశ్చయించి, క్రొత్తదాని ధర విచారింతుము. అంతకు ముందు ఒక చిన్న పరీక్ష చేయుట మంచిది. పురుషకంఠము పలుకుచుండగా పెట్టె ప్రక్కపలకపై అరచేయి ఆనించి చూడవలెను. చేతికి గట్టి అదురు తగిలినచో, దోషము స్పీకరుది కాక పెట్టెది కావచ్చును.

వీణకుండను పనసకర్రతో చేయుదురు. తంత్రి కంపమును అందుకొని తానును మ్రోగుటయే దాని ధర్మము. స్పీకరు పెట్టె ధర్మము ఇందుకు విరుద్ధము. అది ఒకరి మాటను మనకు చేర్చు దూత వంటిది. దూత తన మాటలు కలుపరాదు.

పెట్టె ఏల పలుకును? స్పీకరులోని కాగితపు గరాటు ముందరి గాలిని కదల్చినట్లే పెట్టెలోని గాలిని కూడ కదల్చును. ఆ ఒత్తిడియు, స్పీకరు చట్రపు అదురును పలకలకు తగులును. ప్రతి పలకకును తనదైన శ్రుతి యుండును. ఆ శ్రుతి కంఠములో వచ్చినప్పుడెల్ల పలక అధికముగా కంపించి, ధ్వని ఆగిన పిదపను క్షణకాలము మ్రోగును. ఆ మ్రోత తరువాతి అక్షరముపై బడి మాటను మసక చేయును. 20 సెంటీమీటర్ల స్పీకరులో గరాటు వైశాల్యము సుమారు 210 చదరపు సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు గల పలక వైశాల్యము 1,350. ఇంత విస్తీర్ణము గలది స్వల్పముగా కదిలినను చెవికి తెలియును.

దీనికి మొదటి చికిత్స బరువు. మార్దంగికుడు కచేరికి ముందు ఎడమ మూతపై రవ్వముద్ద అంటించుట మనము చూచినదే. బరువు హెచ్చగా మూత శ్రుతి దిగును. పలకకును ఇదే న్యాయము. బిగువు మారక బరువు నాలుగు రెట్లయినచో శ్రుతి సగమునకు దిగును; కదలికయు తగ్గును. కాని బరువు మ్రోతను మరియొక స్థాయికి దించునేగాని పూర్తిగా ఆర్పదు.

కావున రెండవ చికిత్స అణచుట. పూజాగంటను మ్రోగించి వ్రేలితో తాకినచో నాదము ఠక్కున ఆగును. ఇది వ్రేలి బరువు వలన కాదు. మెత్తని చర్మము కంపశక్తిని పీల్చి వేడిగా మార్చుట వలన. తారు అట్టలు పలకకు చేయు ఉపకారము ఇదియే. బి.బి.సి. ఇంజనీర్లు 1977లో ప్రకటించిన పరిశోధనలో, పలుచని ప్లైవుడ్డు గోడలకు ఇట్టి పొరలు దట్టముగా అంటించు పద్ధతిని సమర్థించిరి. ఇంగ్లండులోనే గిల్బర్ట్ బ్రిగ్స్ 1950ల దశకములో రెండు పలకల నడుమ ఎండు ఇసుక నింపు పద్ధతిని ప్రచారము చేసెను. ఇసుక బరువు నిచ్చును. రేణువుల రాపిడి కంపమును అణచును. ఒక్క వస్తువుతో రెండు చికిత్సలును జరుగును.

ఇంటిలో చేయదగిన క్రమము ఇది. మొదట సడలిన మరలను బిగింపవలెను. పిమ్మట ఎండు ఇసుకను గట్టిగా కుట్టిన సంచిలో పోసి పెట్టెపై నుంచి, అదే కంఠమును అదే హెచ్చులో వినవలెను. మాట తేటపడినచో మార్గము సరియైనదే. అప్పుడు కార్ల తలుపులలో రొద తగ్గించుటకై వాడు తారు అట్టలను పెట్టె లోపల, పలకల నడిమి భాగమున అంటింపవచ్చును; అంచులకంటె నడుమనే పలక ఎక్కువ ఊగును. పెట్టెలో దూది కూరుటచే ఈ పని జరుగదు. దూది లోపలి గాలి తరంగములను తగ్గించును. కొయ్య కంపమును అది ఆపజాలదు.

ఒక హెచ్చరిక. ఈ చికిత్స విడిగా నుండు స్పీకరు పెట్టెలకే తగును. వాల్వులున్న పాత రేడియో పెట్టెలో తారు అంటింపరాదు. దాని గాలిరంధ్రములను సంచితో మూయరాదు. అది వేడెక్కి ప్రమాదము కలుగవచ్చును. ఏ పెట్టెనైనను విద్యుత్తు తొలగించిన తరువాతనే విప్పవలెను.

పని ముగిసిన పిదప అరచేతి పరీక్ష మరల చేయుదము. అంతకంటె నిజమైన పరీక్ష మరొకటి కలదు: పెద్దవారు “ఏమన్నాడు?” అని ప్రక్కవారిని అడుగకుండ వార్తలు చివరిదాక విన్నచో, పెట్టె మౌనము నేర్చినట్లే.