నశ్యం డబ్బీ నుంచి నడిగడ్డ చేను దాకా: ఒక కర్మాగార చరిత్ర చెప్పే పాఠం

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న నడిగడ్డలో, ముఖ్యంగా అలంపురం, మానవపాడు వైపు నల్లరేగడి నేలల్లో, పొగాకు సాగవుతోంది. క్షేత్ర సందర్శనకు వెళ్లినప్పుడు అక్కడి రైతు ఒకరు నన్ను ఇలా అడిగారు: "మా ఆకు యాడికి పోతది సారూ? బీడీకా, సిగరెట్టుకా, నోట్లో ఏసుకునే తంబాకుకా?" రైతు ఎరువు లెక్క తెలుసు, కూలి లెక్క తెలుసు, ఆకు గమ్యం మాత్రం తెలియదు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే పొగలేని పొగాకు పరిశ్రమ చరిత్రను కొంత తడమవలసి ఉంటుంది.

బందరు పేరుతో లండను నశ్యం

పొగాకు మన తీరానికి వచ్చినది పోర్చుగీసు వర్తకుల ద్వారా. 17వ శతాబ్దపు తొలి దశకాలకే గోలకొండ రాజ్యపు తీరంలో అది సాగులో ఉంది. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరాలు నెలకొల్పారు. కలంకారీ వస్త్రాలకు పేరొందిన ఆ రేవు ముక్కుపొడికీ పేరు తెచ్చుకున్నది. 1720లో లండనులో ప్రారంభమైన ఫ్రిబోర్గ్ అండ్ ట్రేయర్ అనే నశ్యపు దుకాణం అమ్మిన రకాలలో ఒకదాని పేరు 'మసూలిపటం'. ఒక తెలుగు రేవు పేరు దొరల నశ్యపు డబ్బీలపైకి ఎక్కింది గాని, ఆ ఆకు పండించిన రైతు పేరు ఏ డబ్బీ మీదా లేదు.

స్టాక్‌హోం కర్మాగారం

ఈ రంగంలో చరిత్ర స్పష్టంగా నమోదైన సంస్థలలో స్వీడన్ దేశపు ల్యుంగ్లోఫ్ కర్మాగారం ఒకటి. యాకోబ్ ఫ్రెడరిక్ ల్యుంగ్లోఫ్ 1822లో 'ఎట్టన్' అనే నశ్యాన్ని విపణిలోకి తెచ్చారు. ఆ మాటకు 'మొదటి రకం' అని అర్థం. అది ముక్కున పీల్చేది కాదు. పెదవి కింద ఉంచుకునే తడి పొడి. స్వీడన్‌లో దానిని స్నూస్ అంటారు. ఆయన కుమారుడు క్నూట్ కాలంలో సంస్థ మరింత విస్తరించింది. 1915లో ప్రభుత్వం పొగాకు పరిశ్రమనంతా గుత్తాధిపత్యం కిందికి తీసుకోగా, ల్యుంగ్లోఫ్ సంస్థ కూడా అందులో కలిసిపోయింది. 1919లో స్వీడన్‌లో స్నూస్ వినియోగం సుమారు 7,000 టన్నులకు చేరింది. తరువాత సిగరెట్ల రాకతో తగ్గి, 1970వ దశకంలో చిన్న సంచుల రూపంలో తిరిగి పుంజుకున్నది. ఆ వారసత్వం స్వీడిష్ మ్యాచ్ అనే సంస్థకు దక్కింది. ఆ సంస్థను 2022లో బహుళజాతి సిగరెట్టు కంపెనీ ఫిలిప్ మోరిస్ ఇంటర్నేషనల్ కొనుగోలు చేసింది. రెండు వందల ఏళ్లలో యజమానులు మారినా, 'ఎట్టన్' పేరు నేటికీ అమ్ముడవుతోంది.

విషం ఎక్కడ పుడుతుంది?

వ్యవసాయ శాస్త్రవేత్తకు ఈ చరిత్రలో ముఖ్యమైనది యాజమాన్యపు మార్పు కాదు, తయారీ పద్ధతి. పొగాకును కాల్చకపోయినా క్యాన్సరు ఎందుకు వస్తుంది? పొగాకులోనే పుట్టే నైట్రోసమైన్లు అనే రసాయనాలు ఇందుకు ప్రధాన కారణం. పచ్చి ఆకులో ఇవి చాలా తక్కువ. నత్రజని అధికంగా వేసిన పైరు ఆకులో నైట్రేటు పేరుకుంటుంది. ఆకు ఆరేటప్పుడు, తేమతో కుప్పవేసి మాగబెట్టేటప్పుడు సూక్ష్మజీవులు ఆ నైట్రేటును నైట్రైటుగా మారుస్తాయి. అది నికోటిను, దాని సంబంధిత ఆల్కలాయిడ్లతో కలిసి నైట్రోసమైన్లను ఏర్పరుస్తుంది.

స్నూస్ తయారీలో పొడిని కుప్పలలో మాగబెట్టక, ఉప్పు, నీరు కలిపి ఆవిరితో వేడిచేస్తారు. సూక్ష్మజీవులు నశిస్తాయి గనుక నైట్రోసమైన్లు తగ్గుతాయి. తగ్గడమంటే లేకపోవడం కాదు. నికోటిను వ్యసనమూ పోదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ప్రచురించిన తన 89వ సంపుటిలో పొగలేని పొగాకును మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థంగా నిర్ధారించింది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో వయోజనులలో 21.4 శాతం, అంటే దాదాపు 20 కోట్ల మంది, ఖైనీ, జర్దా, గుట్కా వంటి రూపాలలో దీనిని వాడుతున్నారు. ధూమపానం చేసేవారి శాతం 10.7 మాత్రమే.

రైతు చేతిలో ఉన్నదేమిటి?

1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు వేలం కేంద్రాలు వర్జీనియా రకానికే పరిమితం. నాటు పొగాకుకు వేలమూ లేదు, కనీస మద్దతు ధరా లేదు. కొనుగోలుదారు వెనుకకు తగ్గిన ఏడాది రైతుకు దిక్కు ఉండదు. కనుక ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ధర, గ్రేడు, కొనుగోలు గడువు అందులో స్పష్టంగా నమోదు కావాలి.

ఈ ఏడాది పైరు పొలంలో ఉన్నవారు సిఫారసుకు మించి నత్రజని వేయరాదు. ఆకును పూర్తిగా ఆరనివ్వక తడితో కుప్పవేయరాదు. మంచు తడి ఆరిన తరువాతే ఆకు కొట్టించాలి. తడి ఆకు నుంచి నికోటిను చర్మం ద్వారా ఒంట్లోకి చేరి కూలీలకు తలతిరుగుడు, వాంతులు కలుగుతాయి. చేతి తొడుగులు సమకూర్చడం రైతు బాధ్యత. పొగాకు మల్లె అనే పరాన్నజీవి కలుపును పూత, గింజ దశకు రాకముందే పీకి కాల్చివేయాలి. దాని విత్తనం నేలలో ఏళ్ల తరబడి బ్రతికి ఉంటుంది.

వచ్చే ఏడాది గురించి ఇప్పుడే ఆలోచించాలి. నల్లరేగడిలో నిలిచిన తేమతో పండే శనగ, జొన్నలకు మద్దతు ధర ఉన్నది. పప్పుజాతి పైరు నేలకు నత్రజనిని సమకూరుస్తుంది. స్థూల ఆదాయంలో పొగాకు ముందు కనిపించవచ్చు. తలలు తుంచడం, పిలకలు తీయడం, ఆకు కొట్టడం, తోరణాలు కట్టి ఎండబెట్టడం, వీటి కూలితో పాటు ఇంటివారి శ్రమను కూడా లెక్కగట్టి చూసిన తరువాతే నిర్ణయానికి రావాలి. ఉన్న భూమిలో కొంత భాగంతో మార్పు మొదలుపెట్టడం క్షేమం. రాజమహేంద్రవరంలో 1947లో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ సైతం ఇటీవల తన పేరులోని 'పొగాకు'ను వదలి వాణిజ్య వ్యవసాయ పరిశోధన సంస్థగా మారింది. ఒక పంట కోసమే పుట్టిన సంస్థ ఇతర పంటల వైపు చూస్తున్నదంటే, ఆ సంకేతాన్ని రైతు కూడా గమనించాలి.

అలంపురం రైతు ప్రశ్నకు నేను ఆనాడు ఇచ్చిన సమాధానం ఇది: "ఆకు ఎటు పోయినా చివరికి ఎవరో ఒకరి నోటికో, ఊపిరికో చేరుతుంది. అది ఎక్కడికి పోతుందో చెప్పనివారు ధర కూడా చివరిదాకా చెప్పరు." ఆయన కాసేపు చేను వైపు చూసి, శనగ విత్తనం ఎక్కడ దొరుకుతుందని అడిగారు. రెండెకరాలకు సరిపడా విత్తనం వివరాలు రాసి ఇచ్చాను.