లాభం తర్వాత... ముందు నష్టం చెప్పండి!

విజయగాథల సభలు మీరూ చూసే ఉంటారు. వేదిక, మైకు, శాలువా. అనుభవమున్న ఆవిడ లేచి "పదిమందిమి కలిసి మొదలుపెట్టాం, ఇవాళ యాభైమందికి పని చూపిస్తున్నాం" అంటుంది. చప్పట్లు, భోజనాలు. కొత్తగా యూనిట్ పెట్టబోతున్న అమ్మాయి మాత్రం ఏం తెలుసుకుని తిరుగు బస్సెక్కిందంటారు? ఏమీ లేదు!

పొదుపు సంఘాల మహిళలు నడిపే వ్యాపారాలలో పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం కొన్నేళ్లుగా నా పని. ఇలాంటి వాళ్లను ఇప్పుడు సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్లు అంటున్నారు. పేరు పెద్దదే గానీ సంగతి తేలికగానే అర్థమవుతుంది. ఊరి మెట్టరైతుల పంట మంచి ధరకు కొనాలి, ఊళ్లో ఆడవాళ్లకే పని ఇవ్వాలి, ఆ పైన కాస్త మిగుల్చుకోవాలి. ఆ మిగుల్చుకోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా!

ఒకరికొకరు నేర్పుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేక ఉద్యమం ఒక ఊరి ఆడవాళ్ల నుంచి మరో ఊరి ఆడవాళ్లకు పాకిందే కదా. 2000లో సెర్ప్ ఏర్పడిన తర్వాత, సంఘంలో చేరి పేదరికం నుంచి బయటపడ్డ మహిళలనే వేరే ఊళ్లకు పంపడం మొదలైంది. కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు అంటే వీళ్లే. అందరూ సీఆర్పీలంటారు. రోజుల తరబడి ఆ ఊళ్లోనే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుని సంఘాలు కట్టించేవారు. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ప్రారంభమైంది. మనవాళ్లు బీహార్, జమ్మూకాశ్మీర్ దాకా వెళ్లి నేర్పి వచ్చారు. అక్కడి భాష సరిగా రాకపోయినా, చేతిలో లెక్కల పుస్తకం, చెప్పడానికి సొంత కథ... అవే చాలాయి.

అయితే పొదుపు నేర్పడం వేరు, వ్యాపారం నేర్పడం వేరు. పొదుపు ఎంతమందికి నేర్పినా నాకు తగ్గేదేం లేదు. వ్యాపారంలో ఇవాళ నేర్చుకున్న అమ్మాయి రేపు నాకే పోటీ రావచ్చు. "నా సరుకు కొనే షాపుల పేర్లు చెప్పేసి నేనేం చేసుకోను మేడమ్?" అని ఒక అక్క నన్ను మొహానే అడిగేసింది. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పకుండా "మనమంతా అక్కచెల్లెళ్లం" అని ఉపన్యాసం ఇస్తే ఎవరూ నోరు విప్పరు.

అందుకే ఏది చెబుతారో, ఏది చెప్పరో పెద్దవాళ్లతో ముందురోజే మాట్లాడుకుంటాను. ఆ రోజు పని పోతుంది కనుక డబ్బూ ఇప్పిస్తాను. సీఆర్పీలకూ గౌరవ వేతనం ఇస్తారు కదా! పుస్తకం చూసి పాఠం చెప్పే నిపుణుడికి ఫీజు ఇచ్చి, ఏళ్ల తరబడి చేత్తో చేసినామె మాటను ఊరికే తీసుకోవడం ఎక్కడి న్యాయం? వేదిక ఉండదు. యూనిట్‌లోనే, మర పక్కన జంపఖానా పరుచుకుని కూర్చుంటాం. ముగ్గురు పాతవాళ్లు, ఏడెనిమిదిమంది కొత్తవాళ్లు. అంతకు మించితే వెనక కూర్చున్నవాళ్లు మాట్లాడరు. అధికారులెవరైనా వస్తే టీ ఇచ్చి పంపేస్తాం. (కోపగించుకోరు లెండి!)

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అక్కా, నీకు బాగా డబ్బు పోయింది ఎప్పుడు?"

ఆమధ్య అనంతపురం వైపు కొర్రలు మర ఆడించే యూనిట్‌లో ఇలాగే కూర్చున్నాం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక, నా దగ్గరికి కొర్రలు, సామలు అంటూ వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లలో ఒకమ్మాయి సంఘం పూచీ మీద అప్పు తీసుకుని మర కొనడానికి సిద్ధంగా ఉంది. దెబ్బతింటే వాయిదాల బరువు ఆమె ఒక్కదాని మీదే కాదు, పదిమంది మీదా పడుతుంది. లెక్క రాసుకొచ్చింది. కొర్రలు కిలో ఇంత, బియ్యం కిలో అంత, మిగిలేది ఇంత.

పెద్దామె కాగితం చూసి "నూరు కిలోలకు నూరూ వేశావేంటమ్మా?" అంది. పొట్టు, నూక, రాళ్లు పోగా అరవై అయిదు కిలోల బియ్యం వస్తే గొప్పట. అమ్మాయి మొహం పాలిపోయింది. అక్కడ ఆపేస్తే భయపెట్టి పంపినట్టవుతుంది. "మరి నువ్వెలా నిలబడ్డావక్కా?" అని నేను అందించాను. అప్పుడొచ్చింది అసలు సంగతి. నూకను పారెయ్యకుండా ఉప్మారవ్వగా అమ్ముతుంది. గింజ నిలవుంటుంది గానీ ఆడించిన బియ్యం నిలవుండదు, తవుడులోని నూనె వల్ల ముక్కిపోతుంది. అందుకని ఆర్డరు వచ్చాకే ఆడిస్తుంది. ఇదంతా ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది వానల్లో నాలుగు బస్తాలు పారబోశాక తెలిసింది. "కోళ్లు కూడా ముట్టలేదమ్మా" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నం ఇంకో లెక్క తేలింది. రైతు తూకం వెయ్యగానే డబ్బు అడుగుతాడు. షాపువాడు నెలన్నరకు గానీ ఇవ్వడు. ఆ నెలన్నరకు కావలసిన డబ్బు అమ్మాయి అప్పులో లేనే లేదు. ఉన్నదంతా మరకే!

పెద్దామె కాసేపు ఊరుకుంది. తన మర వారంలో నాలుగు రోజులు ఖాళీగా ఉంటోందని అప్పుడు చెప్పింది. కిలోకి ఇంత అని కూలి మాట్లాడుకుని, ఒక ఏడాది అక్కడే ఆడించుకోమంది. అమ్మాయి అప్పు సగానికి తగ్గింది. అదీ మర కోసం కాదు, రైతులకు చేతికి చేతే డబ్బు ఇవ్వడానికి. పెద్దామెకు ఖాళీ మరకు పని దొరికింది.

నలభై రోజుల తర్వాత మళ్లీ అక్కడే కూర్చున్నాం. కూలి లెక్క ఇద్దరి పుస్తకాల్లోనూ సరిపోయింది. "మరి హైదరాబాద్ షాపు అడ్రసక్కా?" అని అమ్మాయి మెల్లగా అడిగింది.

"వచ్చేసారి చూద్దాంలే" అంది పెద్దామె, జల్లెడ చేతికి తీసుకుంటూ.